ఎంజీబీ డైరీ: తుప్పు మొదట, కార్బరేటర్ చివర

అక్టోబరు

కారు ట్రైలర్ దిగింది. 1970 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే గట్టి పైకప్పు లేని రెండు సీట్ల కారు. ముదురాకుపచ్చ రంగు, క్రోము బంపర్లు, రోస్టైల్ చక్రాలు, ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజను మెల్లగా తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్న గేరుబాక్సు. చాలా ఏళ్ళు ఒక పాకలో కదలకుండా ఉండిపోయిన బండి. ఇంజను చేత్తో తిప్పితే తిరుగుతోంది. బ్రేకు పెడల్ తొక్కితే నేలకి ఆనుతోంది. సీట్ల వెనక కార్పెట్ ఎత్తి చూస్తే కింద గరాజు నేల కనిపిస్తోంది. ఇంత చవగ్గా ఎందుకొచ్చిందో చెప్పడానికి ఆ మూడోది చాలు.

చుట్టాలకి ఫొటోలు పంపితే "ఎంజీ అంటే హెక్టర్ కదా, ఇదేంటి ఇంత చిన్నగా ఉంది?" అన్నారు. పేరు అదే, ఎనిమిది కోణాల బ్యాడ్జీ అదే, కంపెనీ మాత్రం షాంఘై వాళ్ళ చేతికి వెళ్ళింది. ఈ కారు నాటి ఎంజీ ఇక్కడే ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్‌లో ఉండేది. 1962 నుంచి 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూసేదాకా అక్కడ ఎంజీబీలు ఐదు లక్షలకి పైగా తయారయ్యాయి. అబింగ్డన్‌లో కన్వేయర్ ఉండేది కాదు, కార్లని మనుషులే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తోసుకుంటూ బిగించేవాళ్ళు. బాడీ షెల్లులు మాత్రం నేనుండే స్విండన్‌లోని ప్రెస్డ్ స్టీల్ ఫ్యాక్టరీ నుంచి వెళ్ళేవి. అంటే మా బండి రేకు పుట్టింది మా ఊళ్ళోనే. ఆ స్థలంలో ఇప్పుడు మినీ కార్ల రేకులు ఒత్తుతున్నారు.

తెనాలిలో ఉన్న మావయ్యకి మాత్రం బానెట్ ఎత్తి ఇంజను వీడియో పంపాను. ఆయన అంబాసిడర్ టాక్సీ నడిపిన మనిషి. నిమిషంలో ఫోను.

"ఇది మన అంబాసిడర్ ఇంజనే కదరా అల్లుడూ! కాస్త ఒళ్ళు చేసింది, అంతే."

నిజమే. అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజనూ, ఇందులో ఉన్న 1798 సీసీ ఇంజనూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బీ-సిరీస్ కుటుంబమే. పోత ఇనుప బ్లాకు, పోత ఇనుప హెడ్డు, పుష్‌రాడ్లు, ఒక పక్కనే ఇన్‌లెట్టూ ఎగ్జాస్టూ. ఆ రోజు నుంచీ ఈ ప్రాజెక్టుకి మావయ్యే సలహాదారు.

ఒక నిర్ణయం ముందే రాసి పెట్టుకుంటున్నాను. ఈ కారుని ఎగ్జిబిషన్‌లో నిలబెట్టే ఉద్దేశం లేదు. వర్షం లేని ప్రతి వారాంతం రోడ్డెక్కాలి, అంతే. అందుకని పని వరుస ఇది: ముందు తుప్పు, తర్వాత బ్రేకులు, తర్వాత వైరింగు, ఆ తర్వాత ఇంజను. కార్బరేటర్ ఆఖరున. పాత కారు కొన్నవాళ్ళలో చాలామంది మొదటి ఆదివారమే కార్బరేటర్ విప్పుతారు. మెరుస్తూ ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి చెయ్యి అటే వెళ్తుంది. దాన్ని ముట్టుకోవడానికి ఎంత ఆలస్యం చేస్తే అంత మంచిది.

ఇంకో ఖర్చు పానాలది. ఈ కారులో నట్లు అంగుళాల లెక్క. అర అంగుళం నట్టు 12.7 మిల్లీమీటర్లు, దాని మీద 13 పానా పడుతుంది కానీ వదులు. ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన నట్టు మీద ఆ కాస్త వదులు చాలు, మూలలు అరిగి గుండ్రమైపోతాయి. 7/16, 1/2, 9/16 రింగు పానాలు మంచివి కొన్నాను. రోజూ చేతిలో ఉండేవి ఆ మూడే.

నవంబరు

సిల్లులు, అంటే తలుపుల కింద పొడవునా ఉండే రేకు దూలాలు. ఎంజీబీ గురించి ఒక్క విషయమే తెలుసుకోవాలంటే ఇదే తెలుసుకోవాలి.

దీనికి ముందొచ్చిన ఎంజీఏకి కింద విడిగా ఛాసీ ఉండేది. ఎంజీబీకి లేదు, బాడీయే ఛాసీ. పైన రేకు కప్పు కూడా లేని రోడ్‌స్టర్ కాబట్టి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య బండి నడుం నిలబెట్టేవి ప్రధానంగా తలుపుల కింద ఉన్న రెండు సిల్లులు, మధ్యలో గేరుబాక్సు టన్నెల్. సిల్లు బయటికి ఒక రేకులాగే కనిపిస్తుంది కానీ లోపల పొరలున్నాయి. బయటి సిల్లు, మధ్యలో నిలువుగా ఒక రేకు, లోపలి సిల్లు, అడుగున మెట్లు మెట్లుగా ఉండే క్యాజిల్ రెయిల్. నాలుగూ కలిస్తేనే పెట్టె. లోపల నీళ్ళు చేరి, కింది కంతలు మట్టితో మూసుకుపోతే తుప్పు లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. బయట బుడగ కనిపించేసరికి లోపల ఏమీ మిగలదు.

మా బండికి ఎవరో ఎప్పుడో పాత సిల్లు మీదే కొత్త సిల్లు తొడిగి, అంచుల్లో లప్పం పూసి, రంగేశారు. అయస్కాంతం పెడితే అతుక్కోదు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే లప్పం పెళ్ళలుగా ఊడింది. లోపల పాత సిల్లు బిస్కట్ పొడిలా రాలింది.

విప్పే ముందు తలుపు చుట్టూ ఉన్న సందులు కొలిచి మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే అతికించాను. తలుపు వెనక సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే బండి నడుం వంగినట్టు. మాది కాస్త వంగింది. తర్వాత తలుపు ఖాళీలో అడ్డంగా చదరపు ఇనుప గొట్టం బోల్టులతో బిగించి, కింద స్టాండ్లు సస్పెన్షన్ బరువు మోసే చోట్ల పెట్టి, సందు పైనా కిందా సమానమయ్యేదాకా సర్దాను. ఆ తర్వాతే గ్రైండర్ పట్టుకున్నది. ఒక పక్క పూర్తిగా కోసి, అతికి, చల్లారాకే రెండో పక్క. రెండు పక్కలా ఒకేసారి కోస్తే బండి అరటిపండు ఆకారంలో అతుక్కుంటుంది, దాన్ని మళ్ళీ తిన్నగా చేయడం ఎవరి తరమూ కాదు.

సరైన పద్ధతిలో సిల్లు మార్చాలంటే ముందు ఫెండర్ అడుగు భాగం కూడా కోయాలి, ఎందుకంటే సిల్లు కొస దాని వెనక దాకా వెళ్తుంది. ఇది ఎగ్గొట్టి కనిపించినంత మేరే అతికేవాళ్ళు ఉన్నారు. రంగు వేశాక తేడా తెలియదు, కానీ కొస గాలిలో వేలాడుతూ ఉంటుంది.

వెల్డింగు నేను చేయలేదు. పాత అతుకులు విడదీయడం, రేకులు కొలిచి కోయడం, బిగించి పట్టుకోవడం నా వంతు. మిగ్ వెల్డింగు పక్కింటి పెద్దాయన వంతు. ఆయన జీవితమంతా రేకు పనిలోనే గడిచింది. నడుముకి బండి మీద వంగడం కష్టమని ముందే చెప్పి, తన స్టూలు తనే తెచ్చుకుని వచ్చాడు. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులు ఉన్న చోట్లే పై రేకుకి కంతలు పెట్టి, ఆ కంతల్లోంచి కింది రేకుకి నింపుకుంటూ అతికాడు. ఈ కారు రేకు మందం దాదాపు ఒక మిల్లీమీటరు. ఒకే చోట ఎక్కువసేపు వేడి తగిలితే కంతన్నా పడుతుంది, వంకరన్నా పోతుంది. అందుకని ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క. మధ్యలో టీ.

రేకులు దొరకడంలో మాత్రం ఇబ్బంది లేదు. ఎంజీబీ రేకుల్ని అసలు అచ్చులతోనే ఒత్తే సంస్థ విట్నీలో ఉంది, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్. 1988 నుంచి వాళ్ళు మొత్తం బాడీ షెల్లే కొత్తది అమ్ముతున్నారు. అంత డబ్బు పెట్టే ఉద్దేశం నాకు లేదు, కానీ క్యాజిల్ రెయిల్ కొనడానికి స్క్రాప్ యార్డులు వెతకాల్సిన పని లేకపోవడమే నేను ఈ మోడల్ ఎంచుకోవడానికి సగం కారణం. ఇంకా అందమైన పాత కార్లు ఉన్నాయి. వాటి హెడ్‌లైటు రింగు ఒకటి కావాలంటే ఏడాది ఎదురుచూడాలి.

డిసెంబరు

బ్యాటరీ పెట్టెలు. 1970 మోడల్‌కి 6 వోల్టుల బ్యాటరీలు రెండు, సీట్ల వెనక నేల కింద చెరోవైపు వేలాడుతూ ఉంటాయి. రెండూ సిరీస్‌లో కలిస్తే 12. 1974 దాకా ఇదే ఏర్పాటు. యాసిడ్ కారి పెట్టెలు తినేసింది, అక్టోబరులో కనిపించిన నేల ఆ కంతలోంచే. పెట్టెలు రెండూ కోసేసి కొత్తవి అతికాం. అడుగున నీళ్ళు పోవడానికి కంతలు ఉంచాం, పైన రబ్బరు చాప పరిచాను.

అతుకులన్నిటికీ సీమ్ సీలర్, బయట రాళ్ళ దెబ్బ తట్టుకునే పూత, సిల్లుల లోపల పొడవాటి గొట్టంతో వ్యాక్స్. వ్యాక్స్ పిచికారీ చేసే రోజు గరాజు వెచ్చగా ఉండాలి, లేకపోతే లోపల పారదు. హీటరు పెట్టి, డబ్బాని వేడినీళ్ళలో ఉంచాను. కంతల్లోంచి కారి నేలంతా అంటుకుంది. కారిందంటే లోపల అన్ని మూలలకీ చేరిందన్నమాటే.

జనవరి

సంక్రాంతి సెలవు ఇక్కడ ఎవరిస్తారు? శనివారం పూట అరిసెలు తింటూ బ్రేకులు విప్పాను.

ముందు చక్రాలకి డిస్కులు, వెనక డ్రమ్ములు. బండి నిలబడిపోతే బ్రేకుల్లో చెడేది ముఖ్యంగా రబ్బరూ, నూనెలో చేరే తేమా. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, ఆ తేమ పిస్టన్ల క్రోము పూతని పొక్కులు లేపుతుంది. కాలిపర్ (డిస్కుని రెండు వైపులా నొక్కి పట్టేది) పిస్టన్లు స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాను. వెనక వీల్ సిలిండర్లు రెండూ కొత్తవే, బాగుచేయడం కంటే కొనడం చవక. మాస్టర్ సిలిండర్ కూడా కొత్తదే.

ఫ్లెక్సిబుల్ గొట్టాల సంగతి విడిగా చెప్పాలి. పైకి చూస్తే పగులు లేదు, శుభ్రంగా ఉన్నాయి. కోసి చూస్తే లోపలి గొట్టం ఉబ్బి కంత మూసుకుపోయి ఉంది. ఇలాంటి గొట్టంలో పెడల్ ఒత్తిడికి నూనె అటు వెళ్తుంది కానీ వెనక్కి రాదు. బ్రేకు పట్టి వదలదు. జనం కాలిపర్‌ని తిట్టుకుంటారు. వయసు తెలియని గొట్టం ఏదైనా సరే, ఎంత బాగున్నా తీసి పారేయడమే. ఇనుప పైపుల బదులు రాగి-నికెల్ పైపులు వేశాను. చేత్తో వంగుతాయి, తుప్పు పట్టవు.

పాత డ్రమ్ము లోపలి పొడిని ఊదకూడదు, బ్రష్‌తో దులపకూడదు. బ్రిటన్‌లో ఆస్బెస్టాస్‌ని పూర్తిగా నిషేధించింది 1999లో. ఈ షూలు అంతకంటే పాతవి. మాస్కు పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, గుడ్డతో సహా సంచిలో కట్టేశాను.

గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలు. పెడల్ తొక్కింది మా ఆవిడ. "తొక్కు, పట్టు, వదులు" అని నేను అరుస్తుంటే, ఇంత గౌరవంగా ఎవరూ డ్రైవింగ్ నేర్పలేదంది.

ముందు సస్పెన్షన్‌కి గ్రీజు కూడా ఇదే నెలలో. కింగ్‌పిన్లకి (ముందు చక్రాలు పక్కకి తిరిగే ఇరుసులకి) ఒక్కో పక్క మూడు నిపుళ్ళు (గ్రీజు ఎక్కించే మూతులు), 3,000 మైళ్ళకొకసారి గ్రీజు అడుగుతాయి. జాకీ మీద చక్రం గాలిలో ఉన్నప్పుడే కొట్టాలి. బరువు మీద ఉంటే నలిగే వైపుకి గ్రీజు చేరదు. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, వెనకే కొత్తది శుభ్రంగా వచ్చేదాకా పంపు ఆపకూడదు. మావయ్య ఇది విని, "లారీవాళ్ళకి తెలిసినంత ఈ కార్లవాళ్ళకి తెలీదురా" అన్నాడు. షాక్ అబ్జార్బర్లు లివర్ రకం. ముందువాటి చేయే పైన విష్‌బోన్‌గా (చక్రాన్ని పట్టి ఉంచే చేతిగా) కూడా పనిచేస్తుంది కాబట్టి నూనె కారుతున్నా పక్కన పడేయడం కుదరదు. కుడివైపుది కారుతోంది, బాగుచేసే చోటికి పంపాను.

ఫిబ్రవరి

లూకాస్ వైరింగు మీద ఇంగ్లీషువాళ్ళకి ఉన్నన్ని జోకులు అత్తగారి మీద కూడా ఉండవు. నాకు ఆ జోకులు అన్యాయం అనిపిస్తాయి. యాభై ఏళ్ళు వానలో నానిన ఏ వైరింగైనా ఇలాగే ఉంటుంది. పైగా లూకాస్ రంగుల పద్ధతి ఒకసారి తలకెక్కితే మాన్యువల్ తెరవక్కర్లేదు. గోధుమ రంగు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెలుపుకి తాళం తిప్పితే వస్తుంది. ఆకుపచ్చ, తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చింది. ఊదా, తాళంతో పని లేకుండా ఫ్యూజు దాటి వచ్చింది. ఎరుపు పార్కింగు దీపాలకి, నీలం హెడ్‌లైట్లకి, నలుపు ఎర్తుకి. మద్రాసు లూకాస్-టీవీఎస్ పెట్టెల మీద ఆ పేరు చూస్తూ పెరిగినవాళ్ళకి ఇదంతా కొంత పరిచయమే.

జబ్బు ఇది: ఇండికేటర్ వేస్తే వెనక నంబరు దీపం కూడా దానితో పాటు కొట్టుకుంటోంది, బ్రేకు తొక్కితే పార్కింగు దీపం మసకబారుతోంది. రెండు వేర్వేరు దీపాలు ఒకదానికొకటి స్పందిస్తున్నాయంటే వెళ్ళే తీగ తప్పు కాదు, తిరిగొచ్చే దారి తప్పు. మీటరు ఒక కొస బ్యాటరీ ఎర్తు మీద, రెండో కొస దీపం ఒంటి మీద పెట్టి దీపం వెలిగించాను. 1.4 వోల్టులు. అక్కడ 0.2 దాటకూడదు. డిక్కీలో నల్ల తీగ స్క్రూ కింద రంగూ తుప్పూ పేరుకుని ఉన్నాయి. గీకి, మెరిసేదాకా రుద్ది, వాషరు మార్చి, పైన గ్రీజు పూశాను. 0.05. ఒక్క దీపం, ఒక్క స్విచ్ మార్చకుండా వెనకంతా వెలిగింది.

బుల్లెట్ కనెక్టర్లు మాత్రం అన్నీ మార్చాను. లోపలి ఇత్తడి గొట్టం పచ్చగా చిలుము పట్టి ఉంది, పై రబ్బరు రాయిలా ఎండింది. వైర్లు కోయకుండా కనెక్టర్లు మార్చడం విసుగు పని. వేళ్ళు చలికి పట్టు ఇవ్వవు.

ఇంజనుకీ బాడీకీ మధ్య ఎర్తు పట్టీ కొత్తది వేశాను. ఇది తెగితే స్టార్టరు కరెంటు వెనక్కి రావడానికి ఇంకో దారి వెతుక్కుంటుంది. చోక్ కేబులో యాక్సిలరేటర్ కేబులో ఏది దొరికితే దాన్నే వాడుకుంటుంది. సెల్ఫ్ కొడుతుంటే డాష్‌బోర్డు దగ్గర కేబులు నుంచి పొగ వస్తే ఎవరైనా వైరింగు కాలుతోందనుకుంటారు. తెగింది మాత్రం కింద కనిపించని ఒక పట్టీ.

మార్చి

ఉగాది రోజున ఇంజను మొదలుపెట్టాలని మా ఆవిడ ముహూర్తం పెట్టింది. నిజానికి అంతకు ముందే టాపెట్లు (వాల్వులకీ వాటిని నొక్కే రాకర్లకీ మధ్య సందులు) చూడాలి కాబట్టి ఆ పని ముందు వారం కానిచ్చాను.

కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి, నాలుగు సిలిండర్లలో 150కీ 160 పీఎస్‌ఐకీ మధ్య ఉంది. నంబరు ఎంత అన్నదాని కంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. ఇంజను విప్పే పని తప్పింది.

టాపెట్ క్లియరెన్సు చల్లటి ఇంజను మీద 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ప్లగ్గులు తీసి, నాలుగో గేరులో పెట్టి, బండిని ముందుకు తోస్తే ఇంజను మెల్లగా తిరుగుతుంది. తొమ్మిది లెక్క ఉంది: ముందు నుంచి ఎనిమిది వాల్వులకి నంబర్లు వేసుకుంటే, ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సర్దాలి. మూడోది తెరుచుకుంటే ఆరోది. రెండూ కలిపితే తొమ్మిది అవ్వాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) సన్నగా పట్టినట్టుగా జారాలి, ఇరుక్కోకూడదు.

రాకర్ల అంచులు అరిగి గుంట పడి ఉంటే గేజ్ గుంట మీది నుంచి వంతెనలా వెళ్తుంది, కొలత తప్పు వస్తుంది. మా బండిలో రెండు రాకర్లు అలా ఉన్నాయి. షాఫ్టుతో సహా మార్చాను.

తర్వాత ఇంజను నడిచాక మావయ్యకి వీడియోలో శబ్దం వినిపించాను.

"ఇంకా టిక్కు టిక్కు అంటోంది మావయ్యా. కాస్త బిగించనా?"

"వద్దురా. టాపెట్ చప్పుడు చేస్తే చెవికి నొప్పి. చప్పుడు ఆపేస్తే జేబుకి నొప్పి. బిగిస్తే వాల్వు సరిగా మూసుకోదు, కాలిపోద్ది."

ఈ హెడ్డుకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఈ ఇంజను సీసం కలిసిన పెట్రోలు కాలం నాటిది. ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల మీద పొరలా ఏర్పడి వాటిని కాపాడేది. ఇక్కడ 2000 నుంచి ఆ పెట్రోలు పంపుల్లో లేదు. పోత ఇనుప సీటు అరిగితే వాల్వు హెడ్డులోకి దిగుతుంది, టాపెట్ గ్యాప్ తగ్గిపోతూ వస్తుంది. కాబట్టి గ్యాప్ తరచూ కొలిచి పుస్తకంలో రాసుకోవడమే పరీక్ష. ఎగ్జాస్ట్ టాపెట్లు పదే పదే బిగుసుకుంటుంటే హెడ్డు విప్పి గట్టి సీట్లు వేయించే సమయం వచ్చినట్టు. అప్పటిదాకా పెట్రోలులో సీసం బదులు మందు కలుపుతాను.

ఇగ్నిషన్. పాయింట్ల (ప్లగ్గు నిప్పురవ్వ కోసం కరెంటుని తెంపే స్విచ్) గ్యాప్ 15 థౌ, ప్లగ్గుల గ్యాప్ 25 థౌ. ఫైరింగు వరుస 1-3-4-2. స్టాటిక్ టైమింగు మాన్యువల్ ప్రకారం పిస్టన్ పై కొసకి చేరడానికి 10 డిగ్రీల ముందు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) వ్యాక్యూమ్ డబ్బా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే చాలు, లోపలి ప్లేటు కదలాలి, నాలుకతో మూస్తే అలాగే ఆగాలి. మాది ఆగలేదు. పొర చిరిగింది. మార్చాను.

విడిభాగాల్లో ఒక హెచ్చరిక. పాత కారుకి కొత్త రోటార్, కొత్త కండెన్సర్ వేస్తే బాగుపడుతుందని నమ్మకం లేదు. ఇత్తడి ముక్కని రివెట్టుతో బిగించిన రోటార్లు కొన్ని, రివెట్టు దారిలోనే లోపలికి షార్ట్ అవుతాయి. బండి వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. పెట్రోలు సమస్యలాగే ఉంటుంది. రివెట్టు లేని రోటార్ వేశాను. పాత కండెన్సర్ బాగానే ఉంది కాబట్టి దాన్నే ఉంచాను.

ఉగాది సాయంత్రం ఇంజను అందుకుంది. ఆయిల్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు 70, వేడెక్కి ఐడ్లింగులో 20. పచ్చడి తినడానికి ఇంట్లోకి వెళ్తే చేతులు రెండుసార్లు కడిగించారు.

ఏప్రిల్

ఇప్పుడు కార్బరేటర్లు. ఎస్‌యూ కంపెనీ హెచ్ఎస్4 రకం, ఒకటిన్నర అంగుళాలవి, రెండు.

ఎస్‌యూ ఆలోచన చాలా తెలివైనది, భాగాలు తక్కువ. ఇంజను ఎంత గాలి అడిగితే అంత మేరకి ఒక పిస్టన్ తనంతట తనే పైకి లేస్తుంది. దాని కింద మొన సన్నబడే సూది ఉంది. సూది జెట్ (పెట్రోలు వచ్చే కంత) లోంచి పైకి లేచేకొద్దీ చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. అందుకే వేర్వేరు వేగాలకి వేర్వేరు జెట్లు అక్కర్లేదు. పిస్టన్ పైన డాష్‌పాట్‌లో కాస్త నూనె ఉంటుంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు పిస్టన్ ఎగిరిపోకుండా ఆ నూనె ఆపుతుంది. నూనె లేకపోతే తొక్కగానే బండి ఒక్క క్షణం తటపటాయిస్తుంది.

ముందు చూడాల్సింది థ్రాటిల్ స్పిండిల్. బుష్‌లు అరిగితే అక్కడ గాలి దొంగతనంగా లోపలికి వెళ్తుంది, ఐడ్లింగ్ ఎప్పటికీ కుదరదు. ఇంజను నడుస్తుండగా స్పిండిల్ కొసల దగ్గర కార్బరేటర్ క్లీనర్ కొద్దిగా చల్లితే శబ్దం మారిపోయింది. వెనక కార్బరేటర్‌కి కొత్త బుష్‌లు పడ్డాయి. ఎంత ట్యూనింగు చేసినా ఈ పని లేకుండా లాభం లేదు.

తర్వాత జెట్‌ని కార్బరేటర్ వంతెనకి సమంగా పైకి తెచ్చి, అక్కడి నుంచి నట్టుని పన్నెండు ముఖాలు కిందికి దించాలి. నట్టుకి ఆరు ముఖాలు, అంటే రెండు చుట్లు. అది మొదలు మాత్రమే. రెండు కార్బరేటర్లూ సమంగా గాలి పీలుస్తున్నాయా అన్నది వినాలి. ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర, రెండో కొస కార్బరేటర్ నోటి దగ్గర. రెంటి బుస ఒకేలా ఉండాలి. మీటర్లు అమ్ముతారు, బాగానే పనిచేస్తాయి. గొట్టమూ అంతే బాగా పనిచేస్తుంది.

ఆ తర్వాత మిక్స్చర్, అంటే గాలిలో పెట్రోలు పాళ్ళు. కార్బరేటర్ పక్కన పిన్ను ఉంది, దాన్ని వేలితో కొద్దిగా, మిల్లీమీటరు కూడా కాకుండా పైకి ఎత్తాలి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఇంజను ఆగబోతే పెట్రోలు తక్కువ. కొద్దిగా పెరిగి మళ్ళీ మామూలుకొస్తే సరి. ఒక ముఖం తిప్పడం, నిమిషం ఆగడం, మళ్ళీ ఎత్తి చూడడం. తొందరపడేవాళ్ళకి ఇది పని కాదు. రోడ్డు మీద కొంత దూరం నడిపాక ప్లగ్గులు తీసి చూస్తే లేత గోధుమ రంగులో ఉన్నాయి.

పెట్రోలు పైపులు అన్నీ మార్చాను. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10, పది శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు దానికి మెత్తబడి లోపల రాలుతుంది. ఆర్9 రకం గొట్టం వేసి, సూపర్ గ్రేడ్ ఈ5 పోయిస్తున్నాను. ట్యాంకు కూడా కొత్తదే. డిక్కీ నేల కింద దాని పైభాగం మీద మట్టీ నీళ్ళూ నిలిచి పైనుంచి తుప్పు పడుతుంది, కింద ఎంత చూసినా కనపడదు. ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు వెనక కుడి చక్రం దగ్గర టక్ టక్ టక్ అని కొట్టి, పైపు నిండగానే ఆగాలి. ఆగకుండా గబగబా కొడుతుంటే ఎక్కడో గాలి పీలుస్తోందని అర్థం, లేదా ట్యాంకు ఖాళీ.

మే

నలభై ఏళ్ళు దాటిన కార్లకి రోడ్డు పన్ను లేదు, పెద్ద మార్పులు చేయని పక్షంలో 2018 మే నుంచి ఎంఓటీ (బండి రోడ్డు మీద నడపడానికి తగినదేనా అని ఏటా చూసే) పరీక్ష కూడా తప్పనిసరి కాదు. ఐనా పరీక్ష చేయించాను. నేను బిగించిన బ్రేకు పైపుని వేరే కళ్ళు చూడటం మంచిది. పాసైంది. స్టీరింగ్ రాక్ గేటరు చిన్నగా పగిలిందని రాశారు, మార్చేశాను.

టైర్లు నాలుగూ కొత్తవి. పాతవాటి గాడి నిండుగా ఉంది కానీ పక్కన తయారైన వారమూ సంవత్సరమూ చెప్పే నాలుగంకెలు చూస్తే చాలా పాతవి. రబ్బరుకి గాడి లోతుతో పాటు వయసూ లెక్కే.

ఫారింగ్డన్ మీదుగా అబింగ్డన్ వైపు వెళ్ళొచ్చాను. థర్మోస్టాట్ 82 డిగ్రీలది, సూది మధ్యలో నిలబడింది. బ్రేకు తిన్నగా పడుతోంది. ఎత్తుపల్లాల మీద ముందు భాగం ఊగడం తగ్గింది, బాగుచేసి వచ్చిన షాక్ అబ్జార్బర్ వల్ల. సిల్లుల పని ఫలితం గతుకు రోడ్డు మీద తెలిసింది. తలుపులు కిర్రుమనలేదు.

జూన్

ఓవర్‌డ్రైవ్ మొండికేస్తోంది. ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. లేకపోతే ప్రమాదమేమీ లేదు కానీ 60 మైళ్ళ వేగంలో ఇంజను 2,700 దగ్గర తిరగాల్సింది 3,300 దగ్గర తిరుగుతుంది, చెవులు హోరెత్తుతాయి.

ఫిబ్రవరి పద్ధతే: భాగాలు మార్చే ముందు కొలవడం. ఓవర్‌డ్రైవ్‌కి వెళ్ళే తీగ పసుపు రంగు. ఇంజను ఆపి, తాళం తిప్పి, నాలుగో గేరులో పెట్టి స్విచ్ వేశాను. గేరుబాక్సు దగ్గరి కనెక్టర్ దాకా 12 వోల్టులు నిలకడగా వస్తున్నాయి. దాని తర్వాత ఇన్‌హిబిటర్ స్విచ్ ఉంది, మూడో గేరు, నాలుగో గేరుల్లోనే కరెంటు దాటనిచ్చేది. గేరు రాడ్డుని చేత్తో గట్టిగా ఒత్తి పట్టుకుంటే దాటుతోంది, వదిలితే ఆగుతోంది. తీగతో స్విచ్‌ని దాటవేస్తే సోలినాయిడ్ ప్రతిసారీ క్లిక్కుమంటోంది. అంటే లోపల యూనిట్ బాగుంది.

ఆ స్విచ్ కింద వాషర్లు ఉంటాయి, స్విచ్ ఎంత లోపలికి దిగాలో అవే నిర్ణయిస్తాయి. ఒకటి తీసేస్తే సరిపోవచ్చు, లేకపోతే స్విచ్ మార్చాలి. చెయ్యి పట్టాలంటే గేరుబాక్సు కింది అడ్డపట్టీ విప్పి, వెనక భాగం కాస్త దించాలి. ఎలాగూ కిందికి వెళ్తున్నాను కాబట్టి గేరుబాక్సు నూనె కూడా అప్పుడే. దీనికి ఇంజనుకి వాడే 20డబ్ల్యూ-50నే పోయాలి, గేరుబాక్సూ ఓవర్‌డ్రైవూ అదే నూనె పంచుకుంటాయి. ఎవరైనా మందపాటి గేరు ఆయిల్ పోయమని చెబితే వినొద్దు, అందులోని కొన్ని రసాయనాలు సింక్రో రింగుల ఇత్తడికి పడవు. నూనె తెచ్చి పెట్టాను. స్విచ్ ఆర్డర్ పెట్టాను. వచ్చే శనివారం వానంటున్నారు, కింద దూరడానికి అదే మంచి రోజు.